చెన్నమ్మ ఊడ్వని మధ్యాహ్నం

ఆళ్లగడ్డలో చెన్నమ్మ ఇంటి గచ్చు మీద విస్తరి లేకుండానే అన్నం వడ్డించుకుని తినవచ్చని చెప్పుకుంటారు. ఇంతవరకు ఎవరూ తినలేదు గాని, తినవచ్చునన్న విషయంలో వీధిలో రెండో అభిప్రాయం లేదు. బాలికల ఉన్నత పాఠశాలలో అటెండరుగా ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి, పదకొండు గదులను రోజుకు రెండుసార్లు చొప్పున ఊడ్చి, ఆమె పదవీ విరమణ చేసింది. సన్మాన సభలో శాలువా కప్పారు. ప్రధానోపాధ్యాయురాలు ఆమె సేవలను సుదీర్ఘంగా కొనియాడింది. చెన్నమ్మ అంతా మర్యాదగా విని, సభ ముగిశాక, దండలోంచి నేల మీద రాలిన పూరేకులను ఊడ్చి మరీ ఇంటికి వెళ్లింది.

పదవీ విరమణ ఆమెకు వర్తించింది గాని ఆమె చీపురుకు వర్తించలేదు. పదకొండు గదులకు సరిపడే శక్తి అంతా వచ్చి రెండు గదుల ఇంటి మీద పడింది. పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆదివారం ఆరాధనకు బయలుదేరే ముందు మరొకసారి, తాను గుడిలో ఉండగా ప్రభువు పొరపాటున ఇంటికే వస్తే ఏమనుకుంటాడోనన్న ముందుచూపుతో.

ఆమె భర్త యేసురత్నం ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం దారిలో ముప్ఫై రెండేళ్లు టికెట్లు కొట్టి, ఆ దారి దుమ్మునూ లారీల పొగనూ ఏ పక్షపాతమూ లేకుండా పీల్చి, పింఛనుతోపాటు ఉబ్బసాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. మామూలు రోజుల్లో ఆ ఉబ్బసం ఇంట్లో ఉన్నట్టే తెలియదు. వేసవిలో గాలిదుమారం లేచిందంటే మాత్రం ఆయన ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి.

ఈ గాలిదుమారం గురించి రెండు మాటలు చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఊరి చుట్టూ ఉన్న నల్లరేగడి చేలు కోతలై, దుక్కులై, ఎండి పొడిపొడిగా ఉంటాయి. మధ్యాహ్నం దాకా ఆకు కదలదు. మూడు గంటలకు పడమటి ఆకాశం రాగిబిందె రంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత చేలన్నీ లేచి ఊళ్లోకి వస్తాయి. ఎవరి చేను ఎవరి ఇంట్లోకి వచ్చిందో చెప్పగల రికార్డు రెవెన్యూ శాఖ దగ్గర కూడా లేదు. అరగంట తర్వాత నాలుగు చినుకులు రాల్చి, వానకు తాను పూచీ కాదన్నట్టు గాలి వెళ్లిపోతుంది.

అది వెళ్లీ వెళ్లకముందే చెన్నమ్మ రంగంలోకి దిగుతుంది. కొంగు నడుముకు బిగిస్తుంది. కిటికీలన్నీ బార్లా తెరుస్తుంది. ఫ్యాను ఐదో నంబరు మీద పెడుతుంది, దుమ్ము తనంతట తాను బయటికి పోవడానికి వీలుగా. కూలరు సరేసరి. మంచం మీద పరుపును అక్కడే కట్టెతో బాదుతుంది, బయట బాదితే వీధి దుమ్ము అంటుకుంటుందని. చివరికి చీపురు అందుకుంటుంది. ఆ చీపురు నడిచే వేగం చూస్తే దుమ్ము మీద జాలి కలుగుతుంది.

ఇదంతా జరిగేటప్పుడు యేసురత్నం ఎక్కడికీ పోడు. అదే మంచం చివర కూర్చుని దగ్గుతుంటాడు.

"ఏమ్మే, కొంచేపు ఆగరాదా," అంటాడు, రెండు దగ్గుల మధ్య.

"ఆగితే ఈ దుమ్మంతా యాడికి పోతాదప్పా? నీ రొమ్ములోకే గదా పోయేది. అందుకే బిరబిర నూకుతాండా."

ఆమె వాదంలో తప్పు పట్టడానికి తగినంత ఊపిరి ఆయన దగ్గర ఉండేది కాదు.

ఆ ఏడు ఏప్రిల్‌లో వచ్చిన మొదటి దుమారానికే పరిస్థితి చేయి దాటింది. యేసురత్నం పెదవులు నీలంగా మారాయి. జీపు మాట్లాడి నంద్యాల తీసుకుపోయారు. అక్కడి ఛాతీ డాక్టరు మూతికి మాస్కు పెట్టించి మందు ఆవిరి పట్టించాడు, పీల్చే మందు రాసిచ్చాడు, నాలుగు రోజులు దగ్గరలోనే ఉంచమన్నాడు. నంద్యాలలో యేసురత్నం చెల్లెలు హేమలత ఉంది. ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. అన్న కోసం ముందుగది ఖాళీ చేసింది.

నాలుగు రోజులు రెండు వారాలయ్యాయి. ఆ రెండు వారాల్లో నంద్యాలలో రెండు దుమారాలు లేచాయి. యేసురత్నానికి ఏమీ కాలేదు. దగ్గు కూడా రాలేదు. మూడో వారం ఆదివారం ఆళ్లగడ్డ వచ్చాడు. సోమవారం గాలి లేచింది. చెన్నమ్మ లేచింది. యేసురత్నాన్ని మళ్లీ నంద్యాల తీసుకుపోయారు.

"వానలు పడేదాకా ఇక్కడే ఉంచండమ్మా," అన్నాడు డాక్టరు. "ఆ ఇంట్లో ఏదో ఆయనకు పడడం లేదు."

ఆ ఇల్లు! విస్తరి లేకుండా అన్నం తినగల ఇల్లు! చెన్నమ్మ ఆ మాటను డాక్టరు ముందు మింగింది గాని, ఆసుపత్రి మెట్ల మీద ఆడబిడ్డ అన్న మాట మాత్రం గొంతు దిగలేదు.

"బాధపడొద్దు వదినా," అంది హేమలత. "మా ఇంట్లో అన్నకు ఊపిరి బాగా ఆడతాంది. ఈ పొద్దే కాదు, ఏటేటా ఎండాకాలమంతా ఈడనే ఉండనీ. నాకేం బరువు?"

బయటికి చూస్తే ఇది ప్రేమగా అన్న మాటే. ఆడబిడ్డ నోట వదిన చెవికి చేరేసరికి దాని రూపం మారింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో మొగుణ్ణి నాలుగు నెలలు పుట్టింటికి పంపాల్సిన ఆడది కర్నూలు, నంద్యాల జిల్లాల్లో తానొక్కతే అయి ఉంటుందని చెన్నమ్మ లెక్క.

ఇంట్లో ఒంటరిగా వారం గడిపింది. గచ్చు తళతళలాడింది. దాని మీద నడిచేవాడు లేడు. రెండు గ్లాసుల టీ పెట్టి, ఒకటి ఓబులమ్మకు పిలిచి ఇచ్చేది. ఓబులమ్మ పక్కింటావిడ. టీ తాగుతూ, "అన్న ఎప్పుడొస్తాడక్కా?" అని రోజూ అడిగేది. వారం తర్వాత చెన్నమ్మ సంచి సర్దుకుంది. రెండు చీరలు, బైబిలు, మామిడికాయలు, వాటితోపాటు తన సొంత చీపురు.

ఆమె ఆలోచన ఇది. హేమలత ఇల్లు శుభ్రమైనది కాదు, అది లోకవిదితం. అంత మురికిలోనే ఆయనకు ఊపిరి ఆడుతోందంటే, ఆ ఇల్లు కూడా శుభ్రం చేస్తే ఇంకెంత ఆడాలి! పూర్తిగా నయం చేసి, గెలుచుకుని, తనవెంట తీసుకుపోవచ్చు.

బస్సులో చీపురు పొడవు వల్ల ముందు సీటాయన మెడకు రెండుసార్లు తగిలింది. "ఏందమ్మా, నంద్యాలలో చీపుర్లు దొరకవా?" అన్నాడు. "ఇట్లాంటివి దొరకవు," అని చెన్నమ్మ చెప్పింది. అది నిజమే. ఈత ఆకులు తానే ఏరి, ఎండబెట్టి, కట్టుకున్న చీపురు అది.

హేమలత ఇంట్లో ఆమె చూసినవి ఆమె అనుమానాలను ధ్రువపరిచాయి. అలమారులో పుస్తకాల మీద సన్నటి పొర. మంచం కింద దారప్పోగు. ఊడవడం రోజుకొక్కసారి, అదీ ఊడవడం కాదు. హేమలత మోకాళ్లు అరిగిపోయి వంగలేదు గనుక, పొడవాటి కర్రకు తడి గుడ్డ చుట్టి, నిలబడే అటూ ఇటూ నెడుతుంది. నేల మీద సముద్రపు అలల్లాంటి తడిచారలు మిగులుతాయి. దాన్ని పని అంటారని చెన్నమ్మ ఒప్పుకోలేదు.

"ఏం హేమా, పొరక లేదా ఇంట్లో?"

"ఉండాది వదినా, వాకిలి మూల. బల్లులు కాపురముంటాండాయి దాంట్లో."

యేసురత్నం మాత్రం నున్నగా తయారయ్యాడు. ముఖంలో రక్తం వచ్చింది. నంద్యాల నుంచి అహోబిలం దాకా ఉన్న స్టాపులన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి చూపించాడు. చెన్నమ్మ సంతోషించింది, ఆ సంతోషం హేమలతకు కనబడకుండా జాగ్రత్తపడింది.

ఆ మధ్యాహ్నమే పడమర రాగిరంగుకు తిరిగింది. హేమలత తీరికగా లేచి కిటికీలు మూసింది, తలుపు కింద సందులో తడిగోనె దోపింది, కూలరు ఆపింది, ఫ్యాను రెండు మీద పెట్టింది, పుస్తకం తీసుకుని కూర్చుంది. బయట చేలు ఊళ్లోకి వచ్చాయి, వెళ్లాయి. ఇంట్లో ఉక్క. అయినా ఎక్కడెక్కడి సందుల్లోంచో దూరిన దుమ్ము గచ్చు మీద పల్చగా పరుచుకుంది. గాలి ఆగాక కూడా హేమలత లేవలేదు. పుట తిప్పింది.

"దుమ్ము పడిందమ్మా," అని చెన్నమ్మ గుర్తుచేసింది.

"పడనీ వదినా. పడినాక యాడికి పోతాది? సాయంత్రం తుడుస్తా."

ఇంత బాధ్యతారాహిత్యం చెన్నమ్మ తన సర్వీసులో చూడలేదు. హేమలత కళ్లద్దాలు తీసి కాస్త కునుకు తీయడానికి లోపలి గదిలోకి వెళ్లింది. యేసురత్నం ముందుగదిలో మంచం మీద దినపత్రిక చదువుకుంటున్నాడు. చెన్నమ్మ సంచిలోంచి చీపురు తీసింది.

పది నిమిషాల్లో ముగించింది. అలమారు దులిపింది, దిండ్లు విదిలించింది, మంచం కింద దాకా దూరి ఊడ్చింది, కిటికీ తెరిచి ఫ్యాను ఐదు మీద పెట్టింది. నడుము నిలబెట్టి వెనక్కి తిరిగి చూసింది. గచ్చు తళతళలాడుతోంది. మంచం మీద యేసురత్నం దినపత్రికను గుండెకు అదుముకుని, నోరు తెరిచి, గాలి కోసం భుజాలు పైకి ఎగరేస్తున్నాడు. ఛాతీలో పిల్లులు కూస్తున్నాయి.

పీల్చే మందు రెండుసార్లు పట్టించారు. తగ్గలేదు. ఆటో ఎక్కించారు. ఆసుపత్రిలో అదే మంచం, అదే మాస్కు. అరగంటకు పిల్లికూతలు సద్దుమణిగాయి. డాక్టరు వచ్చి నాడి చూసి, "ఏం జరిగింది?" అని అడిగాడు.

యేసురత్నం మాస్కు పక్కకు జరిపాడు. "గాలి లేచింది సార్. దుమారం."

హేమలత చూపు వదిన మీద పడలేదు. ఆ చూపు పడకపోవడమే చెన్నమ్మకు ఎక్కువ తగిలింది.

"గాలి కాదు సార్," అంది చెన్నమ్మ. "నేను. నేను కసువు నూకినా."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎప్పుడు ఊడ్చారు, ఎట్లా ఊడ్చారు, ఇంటి దగ్గర ఏం చేస్తారు అని అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది, పరుపు బాదడంతో సహా, ఫ్యాను ఐదో నంబరుతో సహా. చెప్పేటప్పుడు మొదట కొంత గర్వం ఉంది. ముగిసేసరికి లేదు.

"చూడమ్మా," అన్నాడు డాక్టరు. "నేల మీద పడిన దుమ్ము ఎవరి జోలికీ పోదు. దాన్ని పొడి చీపురుతో లేపితే కంటికి కనబడనంత సన్నటిది గంటల తరబడి గాలిలో తేలుతుంది. మీకు గచ్చు మెరుస్తూ కనబడుతుంది. గచ్చు మీద ఉన్నదంతా ఆయన ఛాతీలో ఉంటుంది. కూలరు బయటి దుమ్మును లాగి లోపలికి పోస్తుంది. మీ ఆడబిడ్డ చేసినట్టు మూసుకుని కూర్చోవడమే వైద్యం. గాలి ఆగాక రెండు గంటలు ఆగండి, అంతా కిందికి దిగుతుంది. అప్పుడు తడిగుడ్డతో తుడవండి. ఆయన్ను వేరే గదిలో ఉంచండి. మీరు కూడా మూతికి గుడ్డ కట్టుకోండి, మీ ఛాతీ ఏమన్నా ఇనుపదా?"

హేమలత మొహంలో విజయం లేదు, ఆశ్చర్యం ఉంది. తన మోకాళ్ల నొప్పి వైద్యశాస్త్రమని ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

"అయితే సార్," అంది చెన్నమ్మ, "నేను నూకకుండా ఉంటే, మా ఇంటికి తీస్కపోవచ్చునా?"

"ఉండగలరా?"

అది తేలిక ప్రశ్న కాదని డాక్టరుకు కూడా అర్థమయినట్టుంది. "ఒక దుమారం చూడండి," అన్నాడు. "ఆ దుమారానికి బాగుంటే అక్కడే ఉండనివ్వండి. మళ్లీ ఆయాసం వచ్చిందంటే మాత్రం వానలదాకా ఇక్కడే, ఇక మాట లేదు. పీల్చే మందు చేతి కింద ఉంచుకోండి, కష్టమనిపిస్తే ఆలస్యం చేయొద్దు."

అట్లా యేసురత్నం పరీక్ష మీద ఆళ్లగడ్డ వచ్చాడు. పరీక్ష ఎవరికన్నది ఇద్దరికీ తెలుసు.

మొదటి నాలుగు రోజులు గాలి లేదు. చెన్నమ్మ రోజూ తడిగుడ్డతో గచ్చు తుడిచింది, మోకాళ్ల మీద కూర్చుని, మూతికి పాత తువ్వాలు కట్టుకుని. పరుపు మీది దుప్పట్లు పెరట్లో ఉతికి ఆరేసింది. చీపురును వాకిలి ఊడవడానికి పరిమితం చేసింది, అదీ నీళ్లు చల్లాక, ఆయన లోపల ఉన్నప్పుడు. ఐదో రోజు మూడు గంటలకు పడమర రంగు మారింది.

"ఏమయ్యా, లోపలి గదిలోకి పో," అంది. కిటికీలు మూసింది. తలుపు సందులో తడిబట్ట దోపింది. కూలరు ఆపింది. పీల్చే మందు ఆయన పక్కన పెట్టి, గది తలుపు చేరవేసి, తాను ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

చేలు వచ్చాయి. రేకులు దడదడలాడాయి. వెలుగు పసుపు రంగయింది. ఇంటికప్పుకూ గోడకూ మధ్య ఉన్న సందులోంచి దుమ్ము పొడిపిండిలా దిగడం ఆమె కళ్లారా చూసింది. తాను తుడిచిన గచ్చు మీద, తన కళ్లముందు, ఒక్కొక్క పొరగా. అరగంటలో గాలి ఆగింది. బయట నాలుగు చినుకులు పడి వెళ్లిపోయాయి. ఇక మిగిలింది రెండు గంటలు.

మొదటి పావుగంట ఆమె కీర్తన పాడుకుంది. తర్వాత చేతుల కేసి చూసుకుంది. చేతులు వాటంతట అవే కొంగును నడుముకు బిగించాయి. ఆమె విప్పింది. కాసేపటికి మళ్లీ బిగించాయి. ఆ చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చుంది, బడిలో అల్లరి చేసిన పిల్లలా.

తలుపు తట్టి ఓబులమ్మ వచ్చింది. లోపలికి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి చూస్తే గచ్చు మీద ఆమె పాదాలు నాలుగు అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఆమె రాకపోకలు సాగుతున్నాయి గాని, తన పాదం ఇంత వెడల్పని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"ఒంట్లో బాగలేదా అక్కా?"

"బాగుండాది."

"మరి ఇదేంది?"

"దుమ్ము."

"దుమ్మని నాకూ కనపడతాంది లేక్కా. నీ ఇంట్లో ఏందని. జరమొచ్చిందేమో, చెప్పుకోకుండా కూచున్నావ్. నువ్వు లేయొద్దు, నేను నూకిస్తా ఒక్క గడియలో." ఓబులమ్మ దయగల మనిషి. అప్పటికే వాకిలి పక్కనున్న చీపురు అందుకుని వంగింది.

"పొరక కింద పెట్టు ఓబులమ్మా."

"ఏందక్కా?"

"కింద పెట్టమంటాండా. ఆ ఒక్క ఊడ్పుకు మీ అన్న మళ్లా నంద్యాల పోతాడు. ఈసారి పోతే వానలదాకా రాడు. నూకి నూకి ఆయన్ను ఈ గతికి తెచ్చింది నేనే, ఇంకెవరూ కాదు. పోయి వీధిలో చెప్పుకో. చెన్నమ్మ ఇంట్లో దుమ్ముండాదని చెప్పుకో. నాకేం లేదు."

ఓబులమ్మ చీపురును నిద్రపోయే బిడ్డను పడుకోబెట్టినట్టు నెమ్మదిగా నేలకు ఆనించింది. తన పాదముద్రల్లోనే అడుగులు వేస్తూ, ఒక్క రవ్వ కూడా లేవకుండా, వెనక్కి నడిచి వెళ్లింది. చెన్నమ్మ ఇంట్లో దుమ్ముందన్న వార్త చెప్పమన్నాక చెప్పకుండా ఉండడం ఆమె వల్ల అయ్యేది కాదు. అరగంటలో వీధికంతా తెలిసింది. ఇద్దరు ఏదో పని పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లారు. చెన్నమ్మ కుర్చీలోంచే పలకరించింది.

రెండు గంటలూ గడిచాక లేచింది. మూతికి తువ్వాలు కట్టుకుంది. బకెట్టు నీళ్లు, గుడ్డ. వాకిలి వైపు నుంచి వెనక్కి, గుడ్డ తడుపుతూ, పిండుతూ, నల్లటి నీళ్లు పెరట్లో పారబోస్తూ తుడిచింది. బకెట్లు నాలుగు పట్టాయి. ఆ నాలుగు బకెట్ల నలుపు కేసి ఆమె చాలాసేపు చూసింది. ఇన్నేళ్లూ ఇది పారబోసింది పెరట్లో కాదు.

గది తలుపు తీసింది. యేసురత్నం గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె మంచం అంచున కూర్చుని, చొక్కా మీదుగా ఆయన వీపుకు చెవి ఆనించింది. లోపల గాలి పోతోంది, వస్తోంది. దాంతోపాటు మరే శబ్దమూ లేదు.

"ఏం వింటాండావ్?" అన్నాడాయన, కళ్లు తెరవకుండా.

"ఏమీ వినపడలేదు."

"అయితే టీ పెట్టు."

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లేలోపు ఫోను మోగింది. హేమలత.

"వదినా, ఈడ పెద్ద గాలి కొట్టింది. ఆడా లేచిందంట గదా. అన్న ఎట్లుండాడు? నేను ఆసుపత్రికి ఫోన్ చేసి పెట్టనా?"

"వద్దు హేమా. పండుకోని లేసినాడు. టీ అడుగుతాండాడు."

అటువైపు హేమలత ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"మీ ఇంట్లో ఆయనవి రెండు చొక్కాలు, ఒక లుంగీ ఉండాయి," అంది చెన్నమ్మ. "రేపు పొద్దున బస్సులో ఎవరికన్నా ఇచ్చి పంపించు."